కొండదారి – కాలధర్మము



కాలినడకన కొండ నెక్కి స్వామిని దర్శించుట మన పెద్దలనుండి వచ్చిన ఆచారము. ఈ ఆచారమును గూర్చి భక్తులలో ఒక సందేహము తరచుగా వినవచ్చుచున్నది. మండుటెండను, జడివానను లెక్కసేయక ఎక్కినవాని భక్తియే గొప్పదా? ఎండ తగ్గువరకు ఆగినవాడును, బస్సులో వెళ్ళినవాడును తక్కువవారా? దీనికి శాస్త్రమేమి చెప్పుచున్నదో, మన కొండదారుల చరిత్ర యేమి చెప్పుచున్నదో నేడు కొంత విచారింతము.

ముందుగా మన రామగిరి, పెనుకొండ కొండలనే చూడుడు. పడమటినుండి వచ్చు మేఘములు తమ నీటిని చాలవరకు సహ్యాద్రిమీదనే విడిచి మనవైపు వచ్చును. అందువలన అనంతపుర సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆషాఢమున మనకు వచ్చునది వానకంటె గాలియే. ఆ గాలి బలమును చూచియే రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినారు. వైశాఖమున బండ అరికాలిని కాల్చును. ఆషాఢమున గాలి నిలువనీయదు. భాద్రపద ఆశ్వయుజములలో నాలుగు చినుకులు పడినచో అదే బండ జారును. కొండ ఒక్కటే యైనను ఋతువు మారినపుడెల్ల దారి మారుచున్నది.

నడకను వేదము మిక్కిలి గౌరవించినది. ఐతరేయ బ్రాహ్మణమున హరిశ్చంద్రుని కుమారుడైన రోహితుని కథ కలదు. అతడు అడవిలో సంచరించుచు, ఏడాది గడచినపిమ్మట ఊరికి మరలినపుడెల్ల ఇంద్రుడు బ్రాహ్మణరూపమున ఎదురై, కూర్చున్నవాని భాగ్యము కూర్చుండునని, నడచువాని భాగ్యము నడచునని బోధించి మరల సంచారమునకే పంపెను. ఇది నడకకు వేదము చేసిన ప్రశంస.

అయితే నడకయే జీవితముగా గల సన్న్యాసిని ధర్మశాస్త్రము ఏమని శాసించినది? ఒక ఊర నిలువరాదని చెప్పిన ఆ శాస్త్రమే వర్షాకాలమున ఒకచోట నిలువుమన్నది. ఆషాఢ పూర్ణిమనాడు వ్యాసపూజ చేసి యతులు చాతుర్మాస్య దీక్ష వహింతురు. వానకు నేలలో మొలకలు లేచును, పురుగు పుట్ర దారికి వచ్చును, వాటికి హింస కలుగరాదని దీని తాత్పర్యము. ఆగుటయు నడకలో ఒక భాగమేయని దీనివలన తెలియుచున్నది.

శాస్త్రము చెప్పిన ఈ మాటను మన పెనుకొండ చరిత్ర మరియొక విధముగా చూపుచున్నది. 1565లో రక్కసి తంగడి యుద్ధము తరువాత విజయనగరము పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తెచ్చెను. వేంకటపతిరాయలు ఏలుచుండగా, సుమారు 1589లో గోల్కొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్ షా పెనుకొండను ముట్టడించెను. రాయలు సంధిమాటలతో వ్యవధి సంపాదించి, కోటలోనికి ఆహారసామగ్రిని, సైన్యమును చేర్చుకొనెను. అంతలో వానకాలము దగ్గరపడెను. వెనుక కృష్ణానది పొంగినచో తిరిగి పోవు దారి మూసికొనిపోవునను భయముతో సుల్తాను ముట్టడి మాని మరలిపోయెనని గోల్కొండ పక్షపు చరిత్ర రచనయే చెప్పుచున్నది. కొండను కాపాడినది కోటగోడ మాత్రమే కాదు, ఋతువు కూడ కాపాడినది. అహింసకొరకు యతి ఆగెను, ప్రాణభయముతో సేన ఆగెను. కారణములు వేరైనను ఇరువురును కాలమునకు తలవంచినవారే.

ఆ వేంకటపతిరాయలే తరువాత రాజధానిని చంద్రగిరికి మార్చుకొనెను. ఆయన నాణెములపై వేంకటేశ్వరుని మూర్తియు, నామమును కనిపించును. చంద్రగిరికి సమీపముననే శ్రీనివాస మంగాపురమునొద్ద శ్రీవారిమెట్టు దారి కలదు. సుమారు 2 కిలోమీటర్ల దూరమున 2,388 మెట్లతో నిటారుగా ఎక్కు దారి యిది. అలిపిరినుండి ఎక్కు రెండవ దారి సుమారు 9 కిలోమీటర్లు, మెట్లు సుమారు 3,550. మన సీమవారు తరతరములుగా ఈ రెండు దారులను ఎరుగుదురు.

శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు పర్యాయములు తిరుమలేశుని దర్శించెను. ఒక్క 1513లోనే ఫిబ్రవరి, మే, జూన్ మాసములలో మూడుసార్లు వచ్చినట్లు శాసనములు తెలుపుచున్నవి. అనగా శిశిరమునను, ఎండకాలమునను, తొలకరియందును ఆయన స్వామిని సేవించెను. చక్రవర్తికి ఛత్రము పట్టువారుందురు, నీరందించువారుందురు. మరి సామాన్యుని గతి యేమి? ఈ ప్రశ్న పూర్వుల మనస్సున కలిగినది కనుకనే కొండదారులకు మెట్లు, మంటపములు ఏర్పడినవి.

మోకాళ్ళ పర్వతమున సిద్ధవటము నేలిన మట్లి వంశపు అనంతరాజు మెట్లు కట్టించెనని ప్రసిద్ధి. ఆదిశేషుని స్వరూపమైన గిరిని పాదములతో త్రొక్కుటకు జంకి భగవద్రామానుజులు మోకాళ్ళపై ఎక్కినారని సంప్రదాయము చెప్పునది ఆ చోటును గూర్చియే. పదునాల్గవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును సోపానములు కట్టించి కీర్తి పొందెను. శివరాత్రికిని, ఉగాదికిని నల్లమల అడవిలో నడచి వచ్చు వేలాది భక్తులకు నేటికిని భీమునికొలను వద్ద ఆ మెట్లే ఆధారము.

వేదము ఇష్టాపూర్తములను రెండు ధర్మములను జోడించి చెప్పినది. యజ్ఞము ఇష్టము. బావి, చెరువు, తోట, సత్రము, చలివేంద్రము ఇత్యాదులు పూర్తము. ఎండకు మంటపము, దప్పికకు కోనేరు, జారుడుకు మెట్టు: కొండదారి అంతయు పూర్తధర్మమే. తన ఎదుటికెన్నడును రాని వానికొరకు చేసిన దానమిది. నాలుగు వందల ఏండ్లనాడు కట్టించిన రాతిమీద మనము నేడు కాలు మోపుచున్నాము.

ఇక వాహనమును గూర్చిన సందేహము. వాహనమున పోయినవానికి తీర్థఫలము నిష్ఫలమని మత్స్యపురాణమున ప్రయాగ మాహాత్మ్యమునందున్న మాట నిజమే. కాని ఆ మాట ఐశ్వర్యముచేతను, లోభముచేతను, మోహముచేతను వాహనమెక్కినవానిని గూర్చి చెప్పినది. వృద్ధుని, రోగిని, పసిబిడ్డ తల్లిని గూర్చి చెప్పినది కాదు. 1944 ఏప్రిల్ 10న తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరచినారు. అంతకు ముందు నడవలేనివారిని డోలీలలో మోసికొని పోయెడివారు. అశక్తుని దర్శనమునకు దూరము చేయుట ఏ కాలమునను మన మతము కాదు.

శక్తిగలవారును కాలమును ఎరిగి నడువవలెను. తిరుమల కొండకు పెద్దవానలు మన ఆషాఢమున రావు, ఆశ్వయుజమునుండి మార్గశీర్షమువరకు ఈశాన్యపు గాలులతో వచ్చును. 2021 నవంబరులో కురిసిన అట్టి వానకు కొండచరియలు పడి, ప్రవాహములకు శ్రీవారిమెట్టు దారి తీవ్రముగా దెబ్బతినెను. మరమ్మతు చేసి 2022 మే నెలలో గాని తెరువలేదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక పసిపాపను చిరుతపులి పొట్టన పెట్టుకొన్నది. ఆ పిమ్మట పిల్లలతో ఎక్కువారికి వేళలు నిర్ణయించి, గుంపుగా నడువుమని, కర్రలు ఇచ్చి పంపిరి. కొందరు ఇట్టి కట్టుబాట్లను భక్తికి అడ్డమని విసుగుకొందురు. యతికి చాతుర్మాస్యము అడ్డమైనదా? మరి మనకేల అడ్డమగును?

కనుక మొదటి ప్రశ్నకు సమాధానమిది. ఎండను, వానను ధిక్కరించుట భక్తికి కొలత కాదు. దేశకాలములును భగవత్స్వరూపములే. వాటిని ధిక్కరించినవాడు తన పట్టుదలను పూజించుచున్నాడు గాని స్వామిని కాదు. వేసవిలో తెల్లవారకముందే బయలుదేరుడు. దారి మూసిరని చెప్పిన దినమున క్రిందనుండియే నమస్కరించుడు. వెంట వచ్చిన వృద్ధుని అడుగును బట్టి మీ అడుగు వేయుడు. తాగిన సీసాను మెట్లపై విడువకుడు. అది నోరులేని జంతువులకు ప్రాణాంతకము, పూర్వుల దానమునకు అవమానము.

మన పెనుకొండపై లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఆ దారియు రాళ్ళతో కూడినది, నీడ తక్కువ. వేమారెడ్డివలె సోపానములు కట్టించు శక్తి మనకు లేకపోవచ్చును. వైశాఖమున అడుగున ఒక చలివేంద్రము పెట్టుటకును, తొలకరికి ఒక రావిమొక్క నాటి దానికి మూడేండ్లు నీరు పోయుటకును రాజ్యము అక్కరలేదు. కొండ నెక్కినవాడు తన మ్రొక్కును తీర్చుకొనును. దారిని కాపాడినవాడు తన తరువాతివారి మ్రొక్కులు తీరుటకును కారణమగును.

స్వస్తి.