ప్రతి తాళం వెనకా ఒక దొంగతనం: ల్యాప్‌టాప్ భద్రత కథ

(ఆదివారం ఉదయం ప్రసారమైన రేడియో ప్రసంగానికి అక్షరరూపం)

ఆ మధ్య మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. చదువు పూర్తయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. "అంకుల్, ఆఫీసులో ల్యాప్‌టాప్ చేతికిచ్చి దాంతోపాటు పెద్ద నియమాల పుస్తకం కూడా ఇచ్చారు. పాస్‌వర్డు ఇంత పొడుగుండాలిట. కుర్చీలోంచి లేస్తే స్క్రీన్‌కి తాళం వెయ్యాలిట. కారులో వదిలెయ్యకూడదుట. అసలివన్నీ ఎవరు పెట్టారు? మమ్మల్ని పని చేసుకోనివ్వరా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే మంచి ప్రశ్నే. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. కంప్యూటర్ భద్రత చరిత్రంతా ఇంచుమించు అలాగే నడిచింది. ప్రతి నియమం వెనకా ఎవరో ఒకరు ఏదో ఒకటి పోగొట్టుకున్నారు. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పడానికి టైము చాలలేదు. అందుకని ఇవాళ మీ అందరికీ చెబుతున్నాను. మధ్యలో నా సొంత కథ కూడా ఒకటి వస్తుంది.

కథ అమెరికాలో, బోస్టన్ పక్కనున్న ఎమ్.ఐ.టి.లో మొదలవుతుంది. 1961లో అక్కడ ఫెర్నాండో కోర్బాటో అనే ఆయన, ఆయన సహచరులు కలిసి సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థ తయారుచేశారు. అప్పట్లో కంప్యూటరంటే ఒక గదినిండా పట్టే యంత్రం. ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు కాచుకు కూర్చోవాలి. ఈ కొత్త వ్యవస్థ వచ్చాక ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకోగలిగారు. ఉమ్మడి ఇంట్లో ఎవరి పెట్టె వాళ్ళకుండాలి కదా? అలా ఎవరి ఫైళ్ళు వాళ్ళకు విడిగా ఉంచడానికి పాస్‌వర్డు పెట్టారు. మనం ఇవాళ రోజూ కొట్టే పాస్‌వర్డుకి తాతగారు అదే.

తాళం పెట్టి ఎన్నాళ్ళో కాలేదు, దొంగ రానే వచ్చాడు. ఆ దొంగ పేరు ఆలన్ షెర్. పిహెచ్.డి. విద్యార్థి. వారానికి ఆయనకిచ్చిన కంప్యూటర్ సమయం నాలుగు గంటలు. పరిశోధనకి అది చాలలేదు. 1962 వసంతంలో ఒక శుక్రవారం రాత్రి పాస్‌వర్డుల ఫైలును అచ్చు వెయ్యమని ఒక పంచ్ కార్డు పెట్టి ఇంటికి పోయాడు. మర్నాడు వచ్చి, అందరి పాస్‌వర్డులూ ఉన్న కాగితం తీసుకెళ్ళాడు. తర్వాత ఎవరెవరి ఖాతాల్లోనో పని చేసుకున్నాడు. ఈ సంగతి చాలా ఏళ్ళకి ఆయనే స్వయంగా చెప్పుకున్నాడు. 1966లో ఇంకో చిత్రం జరిగింది. పొరపాటున రెండు ఫైళ్ళు తారుమారయి, లాగిన్ అయిన ప్రతివాళ్ళకీ ఆ రోజు సందేశానికి బదులు మొత్తం పాస్‌వర్డుల జాబితా అచ్చయి వచ్చింది!

అప్పుడు తెలిసొచ్చిన పాఠం ఏమిటంటే, తాళంచెవులన్నీ ఒకే మేకుకి తగిలిస్తే ఆ మేకు దొరికినవాడిదే ఇల్లు. దీనికి విరుగుడు యూనిక్స్ వ్యవస్థలో బాగా కుదిరింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 1979లో దాని గురించి ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్ మీ పాస్‌వర్డుని దాచుకోదు, దాన్ని రుబ్బి ఆ ముద్దని దాచుకుంటుంది. కొబ్బరి పచ్చడి నుంచి కొబ్బరికాయని మళ్ళీ తియ్యలేం కదా, అలాగ. మీరు మళ్ళీ వచ్చి పాస్‌వర్డు కొడితే దాన్నీ రుబ్బి, రెండు ముద్దలూ ఒకటేనా అని చూస్తుంది. ఇద్దరికి ఒకే పాస్‌వర్డు ఉన్నా ముద్దలు వేరుగా రావడానికి అందులో ఇంకొంచెం ఏదో కలుపుతారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు "ఉప్పు". నేను చమత్కారానికి చెప్పడం లేదు, ఇప్పటికీ కంప్యూటర్ పుస్తకాల్లో దాన్ని ఉప్పు అనే అంటారు.

ఆ వ్యాసంలోనే ఇంకో సంగతి ఉంది. వాళ్ళు జనం నిజంగా వాడుతున్న 3,289 పాస్‌వర్డులు పరీక్షించారు. అందులో 2,831, అంటే నూటికి 86, తేలిగ్గా దొరికిపోయాయి. కొందరు ఒకే ఒక్క అక్షరం పెట్టుకున్నారు. కొందరు నిఘంటువులో మాటలు, మనుషుల పేర్లు పెట్టుకున్నారు. తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి గుమ్మం పక్కన పూలకుండీ కింద పెడితే ఏం లాభం?

ఇక్కడ ఒక తండ్రీకొడుకుల కథ చెప్పాలి. ఆ వ్యాసం రాసిన మారిస్ తర్వాత అమెరికా ప్రభుత్వంలో కంప్యూటర్ భద్రత చూసే సంస్థలో చేరారు. ఆయన కొడుకు, ఆయన పేరే, రాబర్ట్ టాపన్ మారిస్. 1988 నవంబరు 2న ఆ కుర్రాడు వదిలిన ఒక చిన్న ప్రోగ్రాం ఇంటర్‌నెట్ అంతా పాకిపోయింది. అప్పటికి నెట్‌కి కలిసి ఉన్న యంత్రాలు సుమారు 60 వేలని, వాటిలో 6 వేల దాకా దెబ్బతిన్నాయని అంచనా. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకడానికి వాడిన దారుల్లో ఒకటి ఏమిటో తెలుసా? పాస్‌వర్డు ఊహించడం. 432 మాటల చిన్న జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే వేసి చూసేది. జనం తేలిక మాటలు పెట్టుకుంటున్నారని తండ్రి తొమ్మిదేళ్ళ ముందే హెచ్చరించాడు, ఎవరూ వినలేదు. కొడుకు చేసి చూపించాడు! కోర్టు అతనికి జైలు వెయ్యలేదు కానీ, జరిమానా, సంఘసేవ విధించింది. తర్వాత ఆయన ఎమ్.ఐ.టి.లోనే ప్రొఫెసరయ్యాడు.

ఇంతవరకు చెప్పిన యంత్రాలన్నీ గదుల్లో కదలకుండా ఉండేవి. దొంగ లోపలికి రావాలే తప్ప యంత్రాన్ని ఎత్తుకుపోలేడు. 1981లో ఆస్‌బోర్న్-1 అనే కంప్యూటర్ వచ్చింది. ధర 1,795 డాలర్లు, బరువు 11 కిలోలు. కుట్టుమిషను పెట్టెలా ఉండేది. మోసుకెళ్ళొచ్చు అన్నారు కానీ, మోసినవాడికే తెలుస్తుంది. మరుసటేడే గ్రిడ్ కంపాస్ వచ్చింది. పుస్తకంలా మడిచే మూత ఉన్న ఆ యంత్రం మన ల్యాప్‌టాప్‌లకి పెద్దన్న. వెల 8 వేల డాలర్ల పైమాటే.

కథ ఇక్కడ మలుపు తిరిగింది. కంప్యూటర్‌కి కాళ్ళొచ్చాయి. ఇప్పుడు దొంగ తలుపు తియ్యక్కర్లేదు, ఇంటినే చంకలో పెట్టుకుని పోవచ్చు. చాలామందికి ఇప్పటికీ తెలియని విషయం ఒకటుంది. లాగిన్ పాస్‌వర్డు ఒక్కటే ఉంటే, దొంగ ల్యాప్‌టాప్ విప్పి డిస్కు బయటికి తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తాడు. పాస్‌వర్డు అడిగేవాడే ఉండడు. తలుపుకి తాళం ఉంది కానీ గోడలు లేవు. గోడలంటే డిస్కులో ఉన్నదంతా గుప్తలిపిలోకి మార్చడం. దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు.

ఆ గోడలు కట్టడానికి కూడా దొంగలు పడాల్సొచ్చింది. 2006 మే 3న మేరీలాండ్‌లో ఒక ప్రభుత్వోద్యోగి ఇంట్లో దొంగలు పడి ఒక ల్యాప్‌టాప్, బయట తగిలించే డిస్కు పట్టుకుపోయారు. ఆయన పనిచేసేది మాజీ సైనికుల సంక్షేమ శాఖలో. ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్నాడు, అంతే. అందులో 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టినరోజులు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ లేదు. జూన్ చివర్లో ఆ సామాను దొరికింది, లోపలి సమాచారం ఎవరూ తియ్యలేదని ఎఫ్.బి.ఐ. చెప్పింది. అయినా ఆ దావా 2009లో 2 కోట్ల డాలర్లకి సర్దుబాటయింది. సామాను ఇంకా దొరక్కముందే, జూన్ 23న, ప్రభుత్వ ల్యాప్‌టాప్‌లలో సున్నితమైన సమాచారమంతా గుప్తలిపిలో ఉండాలని, 45 రోజుల్లో ఈ ఏర్పాట్లు జరగాలని అన్ని శాఖలకీ ఆదేశం వెళ్ళింది. మొరిగాయన్నమాట కుక్కలు.

ఆ వార్త నేను న్యూజెర్సీలో కారులో రేడియోలో విన్నాను. "ఎంత అజాగ్రత్త మనుషులు!" అని నవ్వుకున్నాను కూడా. అదే ఏడు దసరా పండక్కి ఒక స్కూలు హాల్లో మనవాళ్ళ కార్యక్రమం ఉంటే పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళడంతో ల్యాప్‌టాప్ బ్యాగు వెనకసీటులోనే ఉండిపోయింది. బయటికొచ్చేసరికి అద్దం పగిలి ఉంది, బ్యాగు లేదు.

అది నా సొంత ల్యాప్‌టాప్. అందులో నలుగురి పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, టాక్సు ఫారాలు స్కాన్ చేసి ఉన్నాయి. ఎన్‌క్రిప్షన్ లేదు. క్రెడిట్ సంస్థలకి ఫోన్లు చేసి, ఆ తర్వాత రెండేళ్ళపాటు ఎవరు నా పేరున ఏ అప్పు తీసుకుంటారో అని రాత్రిళ్ళు లేచి చూసుకునేవాణ్ణి. అదృష్టవశాత్తూ ఏమీ జరగలేదు. కాగితాల భయం అలా తీరింది.

తీరనిది ఇంకోటుంది. అంతకుముందు వేసవిలో కాకినాడ వెళ్ళినప్పుడు మా నాన్నగారి చేత మా ఊరి సంగతులు చెప్పించి రికార్డు చేశాను. వాళ్ళ చిన్నప్పటి తుపాన్లు, తాతగారు కట్టిన ఇల్లు, ఎవరెవరు ఎవరికి ఏమవుతారు, అన్నీ. మొత్తం ఏడు గంటలు. రికార్డర్‌లోంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, రికార్డర్‌లో చెరిపేశాను. రెండో ప్రతి లేదు. "మళ్ళీ వెళ్ళినప్పుడు చెప్పిద్దాంలే" అనుకున్నాను. నేను మళ్ళీ వెళ్ళేసరికి నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఆ ఏడు గంటల్లో నాలుగు నిమిషాలు మాత్రం మిగిలింది. ఎందుకంటే ఆ ముక్క తమాషాగా ఉందని అప్పట్లో మా అక్కకి ఈమెయిల్లో పంపాను. అక్క దాన్ని చెరపలేదు. ఇవాళ మా పిల్లలకి తాతగారి గొంతు అంటే ఆ నాలుగు నిమిషాలే. భద్రత అంటే దొంగ చేతికి చిక్కకుండా దాచుకోవడం ఒక్కటే అనుకునేవాణ్ణి. మన చేతిలోంచి పోకుండా ఉంచుకోవడం కూడా అందులో సగమని నాకు అలా తెలిసింది.

ఇక ఇటీవలి చరిత్ర రెండు మాటల్లో. 2000ల మొదట్లో అమెరికా ప్రమాణాల సంస్థ, ఎన్.ఐ.ఎస్.టి., పాస్‌వర్డుల మీద ఒక పత్రం వేసింది. పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలి, తరచూ మార్చాలి అనే పద్ధతి దాని నుంచే లోకమంతా పాకింది. జనం ఏం చేశారు? పాత పాస్‌వర్డు చివర ఒకటి తీసి రెండు పెట్టారు. 2017లో ఆ సంస్థే మాట మార్చుకుంది: ఊరికే మార్పించొద్దు, పొడుగు ముఖ్యం అని. మొదటి పత్రం రాసిన బిల్ బర్ కూడా తను రాసినదానికి చింతిస్తున్నానన్నారు. అందుకే పనికి అడ్డొచ్చే నియమం భద్రత కూడా ఇవ్వదు. మా అమ్మాయి ప్రశ్నలో ఆ మేరకు న్యాయం ఉంది.

అదే 2017లో వన్నాక్రై వచ్చింది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాం. అది దూరిన కంతని పూడ్చే సవరణ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. రెండు నెలల గడువున్నా వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేలకొద్దీ అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ ఆగిపోయాయి.

సరే, ఈ చరిత్ర నుంచి మనం ఇంట్లో చేసుకోవలసిన పనులు చెప్పి ముగిస్తాను. కాగితం, పెన్ను తీసుకోండి.

ఒకటి. ఆలన్ షెర్‌ని తలుచుకోండి. ఒకే పాస్‌వర్డు అన్నిచోట్లా వాడితే, ఒకచోట పోతే అన్నీ పోయినట్టే. పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి. దానికి మాత్రం సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకోండి. పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు. ఈమెయిల్‌కీ బ్యాంకుకీ రెండో తాళం కూడా, అంటే ఫోన్‌లో నిర్ధారించడం, పెట్టుకోండి. వెతుక్కునే టైము కూడా మిగులుతుంది.

రెండు. డిస్కు ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో ఇవాళే చూడండి. విండోస్‌లో బిట్‌లాకర్, లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. అది ఇచ్చే రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి. అది పోతే మీ ఇంట్లోకి మీరే వెళ్ళలేరు.

మూడు. లేచేటప్పుడు తాళం. విండోస్‌లో విండోస్ మీటా, ఎల్ మీటా కలిపి నొక్కితే చాలు.

నాలుగు. సవరణలు వాయిదా వెయ్యకండి. రాత్రి పడుకోబోయే ముందు రీస్టార్ట్ చేస్తే పగలు పనికి అడ్డురాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంట్లో ఇంకా అది నడుస్తుంటే సంగతేమిటో చూసుకోండి.

అయిదు. ఆఫీసు యంత్రం ఆఫీసుకే. ఇంటి ఫోటోలు, వీసా కాగితాలు అందులో పెట్టకండి. ఉద్యోగం పోయిన రోజు ఆ ల్యాప్‌టాప్ తిరిగిచ్చెయ్యాలి, మీ కాగితాలు దాంతోపాటే పోతాయి.

ఆరు. ముఖ్యమైనవి మూడు ప్రతులుండాలి. ఒకటి యంత్రంలో, ఒకటి విడి డిస్కులో, ఒకటి ఇంటికి దూరంగా. దూరంగా అంటే క్లౌడ్ కావచ్చు, ఊళ్ళో అక్క కావచ్చు.

ఇక కారు వెనకసీటు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ సాయంత్రం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు, అటువైపు పెద్దవాళ్ళు ఒప్పుకుంటే ఒక పది నిమిషాలు రికార్డు చెయ్యండి. చేసిన వెంటనే ఇంకొకరికి పంపండి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి చెబుతున్నాను.