కరవది నాదస్వరం, పొన్నెకల్లు బుర్రకథ

షేక్ నాజర్ 1920లో గుంటూరుకు చేరువలోని పొన్నెకల్లులో పుట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1924 మే 12న, ఒంగోలు పక్కనున్న కరవదిలో షేక్ చినమౌలానా పుట్టారు. ప్రకాశం జిల్లా అప్పటికింకా ఏర్పడలేదు. 1970 దాకా ఒంగోలు ప్రాంతం గుంటూరు జిల్లాలోనిదే కాబట్టి ఇద్దరూ ఒకే జిల్లా బిడ్డలు. మౌలానా గుడిమేళపు వాద్యమైన నాదస్వరంతో కర్ణాటక సంగీత సభల శిఖరానికి చేరారు. నాజర్ బుర్రకథను కూలీల, రైతుల సభల్లోకి తెచ్చారు. ఒకరిది శాస్త్రీయమనీ, మరొకరిది జానపదమనీ ఇద్దర్నీ వేర్వేరు పుస్తకాల్లో చదవడం మనకు అలవాటు. ఆ అలవాటు వల్ల ఈ నేల సంగీత చరిత్రలో ముఖ్యమైన సంగతే మరుగున పడిందని నా అభిప్రాయం.

ఈ నల్లరేగడిలో పత్తి పండినంత కాలం, దాన్ని ఏకి దూది చేసే పని ముస్లింలలోని దూదేకులవారిది. నూర్‌బాషాలనీ, పింజారీలనీ కూడా వారినే అంటారు. మిల్లులు వచ్చి విల్లుతో దూది ఏకే పనిని లాగేసుకున్నాయి. కానీ ఈ మైదానంలో ముస్లిం కుటుంబాలకు మరో విద్య కూడా ఉంది. అదే సన్నాయి మేళం. చిలకలూరిపేట, చీరాల ప్రాంతాల్లో శ్రీరామనవమి కల్యాణానికైనా, పెళ్లిలో మాంగల్యధారణ వేళ గట్టిమేళానికైనా సాయిబుల మేళం రావడం ఊరికి కొత్త కాదు. త్యాగరాజ కీర్తనలు వాళ్ల ఇళ్లలో తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన ఆస్తి. దాన్ని మతసామరస్యానికి ఉదాహరణగా చూపి వదిలేస్తే ఆ కుటుంబాల సాధనకు అన్యాయం చేసినట్టే. అది ముందుగా వృత్తి, నిక్కమైన విద్వత్తు.

ఆ మేళంలో ప్రధానమైన నాదస్వరం లొంగదీసుకోవడానికి కష్టమైన వాద్యం. పొడవైన కర్రగొట్టానికి పైన వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు. కిందివైపు ఉన్న మరికొన్నింటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు. రెండు పొరల పీకను పెదాల మధ్య ఎంత బిగించాలి, ఊపిరి ఎంత వదలాలి, రంధ్రాన్ని సగం మూయాలా, పావు మూయాలా అన్నదాని మీదే గమకం ఆధారపడుతుంది. పక్కన డోలు విద్వాంసుడు ఒక చేత్తో పుల్ల పట్టి, రెండో చేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుని వాయిస్తాడు. ఆ హోరులోనూ రాగం నిలవాలి.

మౌలానా మొదట తండ్రి కాశిం సాహెబ్ దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అక్కడితో ఆగినా మేళగాడిగా ఆయనకు లోటు ఉండేది కాదు. అయితే తమిళ నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదనం ఆయన మనసును పట్టేసింది. రాగాలాపనను నింపాదిగా, విస్తారంగా పెంచుకుంటూ పోయే ఆ తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణుల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు. చేతిలో విద్య ఉండి కూడా పొరుగు భాషవారి బాణీని మొదటినుంచీ నేర్చుకోవడం ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయంగా నాకు కనిపిస్తుంది. 1960ల్లో శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడే శారదా నాగస్వర సంగీతాశ్రమం పెట్టారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆ మరుసటేడు, 1999 ఏప్రిల్‌లో, కన్నుమూశారు.

ఇలా వంశాల చేతిలో నిలిచిన పీక వాద్యం జపాన్‌లోనూ ఉంది. అక్కడి రాజాస్థాన సంగీతం గగాకులో ముఖ్య వాద్యమైన హిచిరికి జానెడు పొడవున్న వెదురు గొట్టమే అయినా, దానికీ రెండు పొరల పీకే. ఆ కళను కాపాడుకుంటూ వచ్చిన తోగి వంటి వంశాలకు రాజకొలువు అండగా ఉంది. ఆ వంశపు హిదెకి తోగి 1990ల్లో కొలువు వదిలి, అదే హిచిరికిని ఆధునిక వాద్యాల పక్కన నిలబెట్టాడు. మన మేళగాళ్లకు అలాంటి కొలువు లేదు. ముహూర్తాలుంటే కూడు, మూఢమొస్తే పస్తు.

ఇక నాజర్ దూదేకుల ఇంటి బిడ్డ. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు కట్టి, హార్మోనియం, శాస్త్రీయ సంగీతం నేర్చారు. బుర్రకథలో మధ్యన కథకుడు భుజాన తంబుర, చేతిలో అందెలతో చిందేస్తూ కథ నడుపుతాడు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టిన వంతలు ఇద్దరు. ఒకరు వర్తమాన రాజకీయం చెబితే, మరొకరు హాస్యం పలికిస్తారు. 1943లో ఏర్పడిన వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలికి ఈ అమరిక చక్కగా పనికొచ్చింది. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి పాత వీరగాథలతోపాటు బెంగాల్ కరువును కూడా నాజర్ కథగా కట్టారు. నిన్న మొన్నటి ఆకలిచావులు రచ్చబండ ముందు రాగతాళాలతో వినిపించడం అప్పటి పల్లెకు కొత్త. గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’లోనూ (1953), ‘అగ్గిరాముడు’లోనూ (1954) ఆయన బుర్రకథ తెరకెక్కింది. 1986లో పద్మశ్రీ వచ్చింది.

మౌలానా వాద్యాన్ని మార్చలేదు, బాణీని మార్చుకున్నారు. నాజర్ రూపాన్ని మార్చలేదు, అందులో చెప్పే విషయాన్ని మార్చారు. ఇద్దరూ పాత విద్యను పూర్తిగా పట్టుకున్నాకే ఆ పని చేశారు. మౌలానా దగ్గర నేర్చుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ జంటగా కచేరీలు చేస్తూ 2020లో పద్మశ్రీ అందుకున్నారు. తరతరాలుగా మగవాళ్లదే అనుకున్న నాదస్వరాన్ని కాలీషాబీ భర్తతో సమానంగా, అదే వేదిక మీద వాయిస్తారు.