పాత ల్యాప్‌టాప్ తెరుచుకోనంటే..!

బ్యాటరీ తీసినా ఫలితం తక్కువే.. సమాచారం మాత్రం దక్కవచ్చు

నరసరావుపేట: అన్న చదువు ముగిశాక అటకెక్కిన ల్యాప్‌టాప్‌ను తమ్ముడి డిగ్రీ కోసం దించుతారు. మీట నొక్కగానే నల్లని తెరపై అది పాస్‌వర్డ్ అడుగుతుంది. పెట్టినవారికే అది గుర్తుండదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు ప్రారంభమయ్యాక గ్రామీణ విద్యార్థుల చేతికీ ల్యాప్‌టాప్‌లు అందాయి. ఆనాటి యంత్రాలు ఇప్పుడు పాతబడ్డాయి. వాటి వెల ఎలా ఉన్నా, లోపలి ధ్రువపత్రాల నకళ్లు, ప్రాజెక్టు పత్రాలు, పెళ్లి ఫొటోలు మళ్లీ దొరికేవి కావు.

తాళం ఏదో తెలియాలి

విండోస్ తెర వచ్చాక అడిగేది విండోస్ పాస్‌వర్డ్. అంతకు ముందే అడిగేది బయోస్ పాస్‌వర్డ్. విండోస్‌ను తిరిగి వేసినా ఈ రెండోది కదలదు. అందుకని రుసుము అడిగే దుకాణాన్ని నమ్మనవసరం లేదు.

డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డుపై నాణెమంత ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీని తీసి, కొంతసేపటికి తిరిగి అమర్చితే పాస్‌వర్డ్ చెరిగిపోవడం మామూలే. ఆ అనుభవంతోనే కొందరు ల్యాప్‌టాప్‌నూ విప్పుతారు. బాగా పాతవాటిలో ఇది ఫలించవచ్చు. తరువాతి కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావరకు పాస్‌వర్డ్ విద్యుత్తు లేకున్నా చెరగని చిప్‌లో ఉంటుంది. వారం రోజులు బ్యాటరీ తీసి ఉంచినా అది అలాగే ఉంటుంది. పైగా కీబోర్డు, తెరల సన్నని తీగలు తెగే ప్రమాదముంది.

కొన్ని నమూనాల్లో మూడుసార్లు తప్పు కొడితే యంత్రం స్తంభించి, తెరపై ఒక సంకేత సంఖ్య కనిపిస్తుంది. దానిని రాసుకోవాలి. ఆ సంఖ్యతోపాటు అడుగు భాగంలోని సీరియల్ నంబరు (డెల్‌లో సర్వీస్ ట్యాగ్), కొనుగోలు బిల్లు చూపితే, యజమాని ఎవరో నిర్ధారించుకున్నాక తయారీ సంస్థ సహాయపడే అవకాశముంది. మాచర్ల, గురజాల నుంచి నగరానికి మోసుకెళ్లే ముందు ఫోన్లో కనుక్కోవడం మేలు. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరచిపోతే మదర్‌బోర్డు మార్చవలసిందేనని ఆ సంస్థే చెబుతోంది. పదేళ్ల యంత్రానికి ఆ ఖర్చు గిట్టదు.

డిస్కు విప్పితే చాలు

యంత్రం తెరుచుకోకున్నా సమాచారం పోయినట్లు కాదు. 2.5 అంగుళాల సాటా హార్డ్‌డిస్కును బయటకు తీసి, యూఎస్‌బీ కేసులో అమర్చి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు సాధారణంగా కనిపిస్తాయి. డిస్కుకే విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఉంటే మాత్రం అది ఎక్కడా తెరుచుకోదు. బిట్‌లాకర్ రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది భద్రమై ఉండవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌కు ఇలాంటి తాళం ఉంటే ముందుగా అమ్మినవారిని బిల్లు, పాస్‌వర్డ్ అడగాలి. దొంగ సొత్తని తెలిసీ కంప్యూటర్‌ను ఉంచుకుంటే సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66బీ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.