సి.ఆర్. రావు గీసిన గీత

ఫోన్‌లో యాప్ తెరిస్తే మా ఆత్మకూర్ (ఎస్) మీదుగా పోయే విమానం పేరు, ఎత్తు, వేగం అన్నీ కనబడతాయి. అక్కడ వెతకాల్సిందేమీ లేదు. విమానమే తానెక్కడున్నదో రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. చిక్కంతా నోరు విప్పని విమానంతోనే. దాన్ని రాడార్ పట్టుకోవాలి. ఎంత కచ్చితంగా పట్టుకోగలదు అన్నదానికి ఇంజనీర్లు నేటికీ వాడే లెక్క ఒకటుంది. దాని పేరులో సగం ఒక తెలుగువాడిది: క్రామర్-రావు హద్దు.

కలియంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు కర్ణాటక. తండ్రిది పోలీసు ఉద్యోగం. చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. సూర్యాపేట, కోదాడ మీదుగా బెజవాడ పోయే మా దిక్కు బస్సులన్నీ దాటే నందిగామే అది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే అయ్యాక, సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ అక్కడే మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో చేరారు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. డిసెంబరులో కలకత్తా వంతు. ఆకాశంలో వచ్చేదాన్ని ముందే పసిగట్టడం ప్రాణాలతో ముడిపడ్డ రోజులవి. రావు మాత్రం విమానాల మీద పని చేయలేదు. ఆయన ప్రశ్న అంతకన్నా సాదాది: చేతిలో కొన్ని కొలతలు మాత్రమే ఉన్నప్పుడు, అసలు విలువను ఎంత దగ్గరగా అంచనా వేయగలం?

ఈ ప్రశ్న క్లాసులో పుట్టింది. కొలతలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు అంచనాలో కచ్చితత్వం ఎంతవరకు పోగలదో ఇంగ్లండులో ఫిషర్ అప్పటికే చెప్పి ఉన్నారు. రావు అది పాఠం చెబుతుంటే, తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న దండేకర్ అనే విద్యార్థి, కొలతలు కొన్నే ఉంటే ఏమిటని అడిగారు. రావు ఆ రాత్రి కూర్చుని, మరునాడు నిరూపణతో వచ్చారు. 1945లో అది కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. ఫ్రాన్సులో ఫ్రెషే 1943లోనే ఇలాంటి ఫలితం ప్రకటించారు. స్వీడన్‌లో క్రామర్ 1946లో తన పుస్తకంలో రాశారు. ఎవరికి వారు ఒకే గట్టు దగ్గరికి చేరారన్నమాట.

ఆ ఫలితం సారం ఇది. ప్రతి కొలతలోనూ మనకు కావాల్సిన విలువ గురించి కొంత సమాచారం ఉంటుంది. దాన్ని లెక్కగట్టవచ్చు. సగటున ఒకవైపుకు ఒరగని అంచనా ఏదైనా సరే, దాని చెదురు ఆ సమాచారపు విలోమం కన్నా తగ్గదు. వేరువేరుగా తీసిన కొలతల సమాచారం కలుస్తూ పోతుంది కనుక, వంద కొలతలు తీస్తే పొరపాటు హద్దు పదో వంతుకు దిగుతుంది.

రాడార్‌కు దీన్ని తగిలించి చూద్దాం. పంపిన సంకేతం విమానాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయమే దూరం. ఆ సమయంలో ఒక్క మైక్రోసెకను పొరపాటు పడితే దూరంలో 150 మీటర్ల తేడా. రావు లెక్క ప్రకారం కచ్చితత్వం రెండింటి మీద ఆధారపడుతుంది: సంకేతపు బ్యాండ్‌విడ్త్, నాయిస్‌తో పోలిస్తే తిరిగొచ్చిన శక్తి. పొరపాటు హద్దును సగం చేయాలంటే శక్తి నాలుగింతలు కావాలి, లేదా బ్యాండ్‌విడ్త్ రెట్టింపు కావాలి. విమానం రెండింతల దూరానికి పోతే తిరిగొచ్చే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. హద్దు నాలుగింతలవుతుంది. నాయిస్ మరీ ఎక్కువైతే అసలు పొరపాటు ఈ హద్దుకు చాలా పైనే ఉండిపోతుంది కూడా.

కంట్రోల్ సిస్టమ్స్‌కు ఇది ఇంకా దగ్గర. 1960లో కాల్మన్ చూపిన ఫిల్టర్ కొత్త కొలత వచ్చినప్పుడల్లా విమానం ఎక్కడుందో, ఎటు పోతోందో అంచనాను సరిదిద్దుతుంది. ఆ అంచనాను నమ్మే యాంటెన్నా తిరుగుతుంది. విమానపు నడక సరళ సమీకరణాల్లో ఇమిడి, నాయిస్ గాసియన్ అయితే, కాల్మన్ ఫిల్టర్ సరిగ్గా ఆ గీతను అందుకుంటుంది. అంతకు మించి బాగు చేయడానికి మిగలదు.

కోణం ఒక్కటే తెలిస్తే? తిన్నగా, ఒకే వేగంతో పోతున్న బస్సు కిటికీలోంచి, అలాగే పోతున్న విమానాన్ని చూస్తున్నామనుకోండి. దగ్గరలో మెల్లగా పోతోందా, దూరంలో వేగంగా పోతోందా? ఎంతసేపు చూసినా కోణాలు తేల్చలేవు. లెక్క వేస్తే దూరం గురించిన సమాచారం సున్నా వస్తుంది. బస్సు మలుపు తిరిగితే తప్ప దారి లేదు. అందుకే రేడియో పంపకుండా గుట్టుగా గమనించే నౌకలూ విమానాలూ కావాలని దారి మార్చుకుంటాయి.

సాఫ్ట్‌వేర్ రాసి బతికే నాకు ఇందులోని మర్యాద నచ్చుతుంది. ఫలితం బాగాలేనప్పుడు మా పనిలో మొదట తోచేది ఇంకో అల్గారిథమ్, ఇంకా పెద్ద మోడల్. రావు గీత ముందొక ప్రశ్న అడగమంటుంది: కావాల్సిన సంగతి అసలు ఆ డేటాలో ఉందా? లేకుంటే కోడ్ మార్చి లాభం లేదు. కొలిచే పద్ధతి మార్చాలి, మలుపు తిరగాలి.

రావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చాయి. ఆ ఏడాదే ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయసులో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో గణిత సంస్థ ఉంది. పేరు తలుచుకుని గర్వపడటం బాగానే ఉంటుంది. కానీ ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు ఆయన బిరుదుల జాబితా కన్నా ఆ బస్సు కిటికీ లెక్క చెబితే మేలు. ఒక్క గంట చాలు. దండేకర్ లాంటి విద్యార్థి ఒక్కడుంటే ఇంకా మంచిది.