1,15,200 చూసి మురిసినం

గద్వాల కోడ్ 08546, వనపర్తి 08545, నాగర్‌కర్నూల్ 08540. ఈ నంబర్లు ఇంకా నోటికున్నోళ్లకు మోడెం కీచుమన్న చప్పుడు కూడా యాదికుంటది. అప్పుడివి వేరే జిల్లాలు గావు, మూడూ మహబూబ్‌నగర్ జిల్లానే. కంప్యూటర్‌కు నెట్ రావాలంటే ల్యాండ్‌ఫోన్ తీగే దిక్కు.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. మొదలు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు లాంటి పెద్ద పట్నాలకే. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. 1998లో వి.90 అనే పద్ధతి వచ్చింది. ఆ మోడెం డబ్బాల మీద 56 అని ఉండేది.

ఆ 56 ఎన్నడూ పూర్తిగా రాలేదు. మోటర్ ప్లేటు మీద 5 హెచ్.పి. అని ఉంటది, పైపుల వచ్చే నీళ్లు వేరే, అట్లనే. ఎక్స్ఛేంజి డిజిటల్‌ది గావాలె, అక్కడి నుంచి ఇంటిదాకా రాగితీగ పొట్టిగుండాలె. వానకు జాయింట్ల తడి చేరితే లైన్ గరగరమనేది, మోడెం వేగం తగ్గించుకునేది. మనం పంపేదానికైతే 33.6 మించదు.

మరి ఎంత వచ్చిందో చూసుడెట్ల? విండోస్ 98లో తెర కింద, గడియారం పక్కన రెండు చిన్న కంప్యూటర్ల బొమ్మ ఉండేది. మౌస్ బాణం దానిమీద పెడితే వేగం కనపడేది. చాలామంది మోసపోయింది ఇక్కడనే. కొన్నిట్ల 1,15,200 అని వచ్చేది. అబ్బో అనుకునేటోళ్లు! అది కంప్యూటర్‌కు, పక్కనున్న మోడెంకు నడుమ వేగం. ఫోన్ తీగది కాదు. బోరు కాడ పైపు మూతి చూసి, చివరి మడికి కూడా అన్ని నీళ్లే పారుతున్నయనుకున్నట్టు. 49,333 లాంటి అంకె వస్తే అది లైన్ వేగం. అదీ నెట్ తగిలిన క్షణానిదే. తర్వాత లైన్ చెడినా ఆ అంకె మారదు.

నమ్మదగిన లెక్క ఒకటే. బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే వచ్చిన బైట్లు కనపడేవి. ఏదన్న ఫైలు దిగుతుండగా ఒక నిమిషంలో ఎన్ని పెరిగినయో రాసుకొని, 60తో భాగించి 8తో గుణించాలె. 3,00,000 పెరిగితే సెకనుకు 5,000 బైట్లు, అంటే 40 కిలోబిట్లు. ఆ లెక్కన పది లక్షల బైట్ల ఫైలుకు 3 నిమిషాల 20 సెకన్లు.

ఈ లెక్క ఎందుకంటే, ఫోన్ బిల్లు పడేది టైం మీద. 28 వచ్చినా 49 వచ్చినా నిమిషానికి పైసలు అవే. అందుకే తక్కువ తగిలితే కట్ చేసి మళ్లీ కలిపేటోళ్లు. కలిసినప్పుడల్లా ఇంకో కాల్ పడేది, అది వేరే సంగతి.