ఇల్లాలి సులువులు: ఒక చారిత్రక పరిశీలన

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని అతిథిసత్కారమును వర్ణించుచు, జడివాన పట్టి వదలని దినములలో ఆయన ఇల్లాలు కంటికి పొగ సోకకుండునట్లు ఎండిన కొబ్బరి డొప్పలతో పొయ్యి రాజవేసి, సన్నబియ్యపు అన్నము, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియములు, పెరుగు, నెయ్యి సమకూర్చినదని చెప్పినాడు. పండితులు ఈ పద్యమున వైష్ణవభక్తిని చూతురు. భోజనప్రియులు రుచిని చూతురు. వంటయింటి చరిత్ర తెలియగోరువారు చూడవలసినవి మాత్రము ఆ వరుగులు, ఆ వడియములు, ఆ కొబ్బరి డొప్పలు. ఆ మూడింటిలో ఒకటియు వానకాలమున సిద్ధమయినది కాదు. ఎండ కాయుచున్న నాడే కాయలు తరిగి ఎండబెట్టి, పిండి రుబ్బి వడియములు పెట్టి, డొప్పలు పోగుచేసి అటకమీదికి చేర్చిన చేయి ఒకటి ఉన్నది. సులభమైన వంట యని నేడు మనము చెప్పుకొనుదానికి పదునారవ శతాబ్దమున ఉండిన రూపమిది. పని తగ్గలేదు, పని జరుగు కాలము మారినది.

పూర్వకాలపు స్త్రీలకు తీరిక మెండు, నేటివారికే తీరిక లేదు అను మాట తరచు వినబడుచుండును. ఈ మాట పుట్టించినవారు ఎన్నడును రోకలి పట్టి యుండరు. తెల్లవారుజామున చల్ల చిలికి, వాకిలి చిమ్మి కలాపి చల్లి ముగ్గు పెట్టి, నూతినుండి నీరు తోడి, వడ్లు దంచి, తిరుగలి విసరి, అటుపిమ్మట పొయ్యి యొద్దకు చేరిన స్త్రీకి తీరిక యెక్కడిది? ఆమెకు ఉన్నది తీరిక కాదు, సంవత్సరమంతటిని ఒక్క చూపున చూడగల పొదుపు. చింతపండు గింజ తీసి ముద్దచేయుట, మిరపకాయలు తొడిమలు తీసి ఎండబోయుట, అప్పడములు ఒత్తుట, ఆవకాయ కలిపి జాడీకి వాసెన కట్టుట, ఇవి యన్నియు వేసవి నెలలలో ముగియవలెను. ఆ తరువాత ఎనిమిది తొమ్మిది నెలలపాటు, కూర లేని నాడు కందిపొడి, చుట్టము వచ్చిన నాడు వేయించిన వడియము, పొలమునకు పోవువానికి చద్దియన్నమున ఊరగాయ ముక్క, క్షణకాలములో విస్తరిలోనికి వచ్చుచుండెను.

బూడిదగుమ్మడి వడియముల సంగతి చూడుడు. కాయను సన్నని ముక్కలుగా తరిగి, ఉప్పు పసుపు కలిపి, గుడ్డలో మూటగట్టి, రాత్రియంతయు రుబ్బురోటి పొత్రము వంటి బరువు క్రింద ఉంచినగాని నీరు దిగిపోదు. నీరు దిగనిచో వడియము గుల్లగా వేగదు. మరునాడు చీకటితో లేచి, నానిన మినపపప్పును నీరు తగులనీయక గట్టిగా రుబ్బి, పచ్చిమిరపకాయలు దంచి కలిపి, తడిపిన పాతపంచెను ఎండలో పరచి, ఒక్కొక్క ముద్దగా పెట్టవలెను. పిల్లలకు కాకులను తోలు ఉద్యోగము. రెండవనాడు గుడ్డ వెనుకభాగమున నీళ్లు చిలుకరించి ఒలిచి, తిరుగవేసి మరల ఎండబెట్టుదురు. ఇంత శ్రమ వెనుక నున్న లెక్క ఒక్కటే: ఈనాటి నాలుగు గడియల పనిని రాబోవు నలువది పూటలకు పంచుట.

సౌందర్యపోషణమునందును ఇదే లెక్క. సంస్కృత గ్రంథములలో అలంకారవిద్యకు గొప్ప స్థానమే కలదు. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలలో సుగంధద్రవ్యముల కూర్పును, కుట్టుపనిని, వంటను చేర్చెను. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ప్రత్యేకాధ్యాయమును కేటాయించెను. కాని ఆ విద్య సంపన్ననాగరకుల విద్య, తీరిక కలవారి విద్య. తెలుగింటి స్త్రీ సౌందర్యసామగ్రి వంటయింటి డబ్బాలనుండియే పుట్టినది. పెసలు, సెనగలు, పసుపుకొమ్ములు, బావంచాలు, కచ్చూరములు, ఎండిన గులాబి రేకులు ఎండలో ఉంచి విసరినచో సున్నిపిండి. ఏడాదికి ఒకమారు విసరిన పిండి ఇంటిల్లిపాది తలంట్లకు సరిపోవును. ఆముదపు దీపముపై గంధము పూసిన పళ్లెము బోర్లించి, పట్టిన మసిని నేతితో మెదిపినచో కాటుక. కుంకుడుకాయలు రాతిపై చితుకగొట్టి, గింజలేరి, వేడినీటిలో నానబెట్టి పిసికినచో నురుగు. ఆ నురుగు కంటిలో పడినప్పుడు పిల్లల యేడుపు మాన్పుటకు నాలుకపై ఉప్పుకల్లు. ఆ ఉప్పుకు కంటిమంటతో సంబంధమేమో వైద్యులే చెప్పవలెను గాని, అది లేనిదే తలంటు పూర్తియయినట్లు పెద్దలు భావించెడివారు కారు.

ఈ విద్యకు పుస్తకము లేదు. అత్త కోడలికి, తల్లి కూతురికి చేతిలో చేయి వేసి నేర్పినదే పాఠము. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైళ్లును, కచేరీ ఉద్యోగములును, ఆంగ్లవిద్యయు మధ్యతరగతి కుటుంబములను పల్లెలనుండి రాజమహేంద్రవరమునకు, బెజవాడకు, చెన్నపట్టణమునకు లాగినపుడు ఈ పాఠశాలకు మొదటి విఘ్నము కలిగెను. అద్దెయింటి రెండు గదులలో కాపురము పెట్టిన పిన్నవయసు గృహిణికి అడుగుటకు పెద్దదిక్కు లేదు, ఎండబెట్టుటకు పెరడు లేదు. ఆ లోటును పూరింప వచ్చినది అచ్చుయంత్రము.

1883లో కందుకూరి వీరేశలింగము స్త్రీలకొరకు సతీహితబోధినిని స్థాపించెను. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరునుండి హిందూసుందరిని వెలువరించెను. ఈ తొలినాటి పత్రికల ముఖ్యోద్దేశము విద్య, నీతి, సంస్కరణము. గృహకృత్యములకు స్త్రీల పత్రికలో ఠీవియైన పీట వేసినది 1928లో చెన్నపురిలో డాక్టరు కె. ఎన్. కేసరి స్థాపించిన గృహలక్ష్మి. కేసరి ఆయుర్వేదవైద్యుడు, స్త్రీల రుగ్మతలకు ఆయన తయారుచేసిన లోధ్ర ఆ దినములలో పేరెన్నిక గన్న ఔషధము. ఆ మందు తెచ్చిన ధనమే పత్రికకు ఊపిరి. రచయిత్రులకు ఇచ్చిన స్వర్ణకంకణములకు మూలము. అమృతాంజనము అమ్మి ఆంధ్రపత్రికను, భారతిని నడపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారినిగూడ తలచుకొన్నచో, తెలుగు పత్రికారంగము తలనొప్పికిని స్త్రీల నలతకును ఎంత ఋణపడినదో తెలియును. పరిహాసమున కన్నను ఇందొక సత్యము కలదు: ఇల్లాలి ఆరోగ్యము, అందము, వంట అను విషయములకు పాఠకులును కొనుగోలుదారులును ఒకరే యని వ్యాపారలోకము గ్రహించినది అప్పుడే.

అచ్చులోని పెద్దదిక్కుగా అందరికన్న దీర్ఘకాలము నిలచినవారు మాలతీ చందూర్. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన ఈమె ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనము అను శీర్షికను దశాబ్దముల తరబడి నిర్వహించిరి. పాఠకురాండ్రు మొగమున మొటిమలనుండి మగని కోపమువరకు దేనినైనను అడుగుచుండిరి. ఆమె దేనికైనను తడుముకొనక, తీర్పరితనము చూపక, ఇరుగింటి అక్కగారివలె సమాధానము చెప్పుచుండిరి. ఆమె వంటలు-పిండివంటలు పెక్కు ముద్రణలు పొంది, క్రొత్తకాపురపు సామానులో రాగిబిందెతో పాటు చోటు సంపాదించుకొన్నది. ఇట్టి పుస్తకములతో వంటకు కొలత వచ్చెను. చేరెడు, గుప్పెడు, గిద్దెడు అని చేతితోను ఇంటి పాత్రతోను కొలిచిన విద్య, కప్పులు చెంచాల లెక్కలోనికి దిగినది. అయినను ఎంతటి వంటపుస్తకమైనను 'ఉప్పు తగినంత' అను చోటికి వచ్చి చేతులు కట్టుకొని నిలువబడక తప్పలేదు. ఆ ఒక్క మాటలో అత్తగారు ఇంకను మిగిలియే యున్నది.

గృహశిల్పముల కథ కొంత భిన్నము. పాతచీరలతో బొంతలు కుట్టుట, తాటాకు బుట్టలల్లుట వంటివి ఇంటి అవసరమునకు పుట్టినవి. సింగరు కుట్టుమిషను వచ్చిన పిదప రవికెలు, పిల్లల గౌనులు ఇంటనే తయారగుటయు, దానితో నాలుగు రూకలు సంపాదించుటయు సాధ్యమయ్యెను. యంత్రములనిన గిట్టని గాంధీమహాత్ముడు 1924లో ఈ ఒక్క యంత్రమునకు మినహాయింపు నిచ్చెను. భార్య చేతికుట్టుతో పడు బాధను చూడలేక సింగరు దీనిని కల్పించెనని, ప్రేమనుండి పుట్టిన యంత్రమని ఆయన సమర్థనము. దుర్గాబాయమ్మగారి ఆంధ్రమహిళాసభ వంటి సంస్థలు చదువుతోపాటు చేతిపనులను నేర్పి, దిక్కులేని స్త్రీలకు జీవనాధారమును చూపుట కీర్తింపదగిన కార్యము.

నరసాపురపు లేసునుగురించి మాత్రము అంత నిశ్చింతగా వ్రాయుట సాధ్యము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు నడిమిభాగమున స్కాట్లాండునుండి వచ్చిన మెక్రే దంపతులు గోదావరి తీరమున బీద క్రైస్తవస్త్రీలకు నేర్పిన ఈ అల్లిక, క్రమముగా ఘోషా పాటించు కుటుంబములలోనికిని ప్రాకి, నరసాపురము, పాలకొల్లు పరిసరములలో వేలకొలది ఇండ్ల పనియయ్యెను. ఒక కొక్కెపు సూది, ఒక దారపుబంతి, అరుగుమీద ఒక పీట: పెట్టుబడి అంతియే. పువ్వు తరువాత పువ్వు, వలయము తరువాత వలయము అల్లి, ఆ ముక్కలను మరియొకరు అతుకగా, వ్యాపారి వాటిని ఐరోపా భోజనపు బల్లలమీదికి పంపుచుండెను. 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీలపై ఒక గ్రంథమును ప్రకటించి, వీరు దినమునకు పెక్కు గంటలు ప్రపంచవిపణికొరకు శ్రమించుచున్నను, ఇంటిపట్టున ఉండువారు తీరిక వేళల అల్లుకొనునది అను పేరున కూలి అత్యల్పముగా నిర్ణయింపబడుచున్నదని నిరూపించెను. పురుషుడు సరుకు అమ్మిన వ్యాపారి. స్త్రీ అల్లినచో కాలక్షేపము. గృహశిల్పమును వినోదముగా వర్ణించు రచనలు చదువునపుడెల్ల నాకు ఈ గ్రంథము మనసున మెదలును.

స్వాతంత్ర్యానంతరము మార్పు వేగము హెచ్చెను. సౌందర్యసామగ్రి అంతకుముందే అంగడిపాలు కాజొచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమున చందనపుకర్ర ఐరోపాకు ఎగుమతి కాక నిలిచిపోగా మైసూరు సంస్థానము దానినుండి తైలమును, పిదప సబ్బును తయారుచేసి అమ్ముటయు, 1952లో టాటాలు లక్మేను స్థాపించుటయు ఆ త్రోవలోని మజిలీలు. సున్నిపిండి నిత్యస్నానమునుండి తొలగి పండుగనాటి తలంటుకు, పెండ్లినాటి నలుగునకు పరిమితమయ్యెను. వంటయింటిలో 1950ల చివరనుండి ప్రెషరు కుక్కరు ప్రవేశించి, ఆవిరి బిగింపుచేత నీటి మరుగుస్థానమును సుమారు 120 డిగ్రీలకు చేర్చి, కందిపప్పు ఉడుకు కాలమును మూడింట ఒక వంతునకు దించెను. 1960లలో, సీమెన్స్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన సత్యప్రకాశ్ మాథుర్, ఇంటనున్న విదేశీ యంత్రము మన పప్పుల గట్టిదనమునకు తాళలేక కాలిపోగా, మన రుబ్బుడునకు నిలువగల సుమీత్ మిక్సీని నిర్మించెను. పడమటి యంత్రము పండ్లరసమునకు పుట్టినది. నానిన మినపపప్పు ముందు అది ఓడుట వింత కాదు.

రుబ్బురోలు పెరటిలో పిల్లులకు విశ్రాంతిపీఠ మయ్యెను గాని, ఇల్లాలికి విశ్రాంతి లభించినదా? ఇడ్లీ ఒకప్పుడు వారమునకు ఒకనాటి వైభవము. రుబ్బుట సులువైన పిదప అది దినదినము కోరదగిన ఫలహారమయ్యెను. మిగిలిన గంటను పిల్లల చదువులు, ఆఫీసు బస్సు మ్రింగివేసినవి. వాయువుపొయ్యి విషయమున మాత్రము నాకు ఏ సందేహమును లేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకము క్రింద పేదయిండ్ల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇప్పించునంతవరకు, కొబ్బరి డొప్పలు వెదకుకొను అవస్థ పల్లెలలో చాలవరకు రాయలనాటిదే. ఊపిరితిత్తులను కాపాడిన సులువును సులువుగా చులకన చేయరాదు.

ఇటీవలి అధ్యాయము ఇంటి గడప దాటినది. తెలుగు పట్టణములలో స్వగృహ యను పేరు తగిలించుకొన్న దుకాణములు వెలసి, అరిసెలు, జంతికలు, సున్నియుండలు, కారప్పొడులు బరువునకు తూచి అమ్ముచున్నవి. అమెరికాకు పోవు పిల్లల పెట్టెలలో వీటి పొట్లములే బరువుతూకమును నిర్ణయించుచున్నవి. ఈ దుకాణముల వెనుకగదులలో పాకము పట్టువారు, పిండి జల్లించువారు, చలిమిడి ముద్దలు తట్టువారు చాలవరకు స్త్రీలే. పని ఒక ఇల్లాలి చేతినుండి దినకూలికి వచ్చు మరియొక ఇల్లాలి చేతికి మారినది.

ఉద్యోగినులకు అంతకన్న దగ్గరి చుట్టము కర్రీ పాయింటు. సాయంకాలము ఆరు దాటగానే హైదరాబాదు, విజయవాడ వీథులలో చిన్న కొట్ల ముందు స్టీలు గిన్నెలు బారులు తీరును. పప్పు, వేపుడు, పులుసు, రోటిపచ్చడి, ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చెదరు. వండిన భోజనమును కొనుట తెలుగువారికి క్రొత్తగాదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున, ఓరుగంటిలో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ల యింట ఒక్క రూకకు సువాసన గల అన్నము, గోధుమ పిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, పెరుగు లభించినట్లు ఉన్నది. కాని అది ఇల్లు విడిచి తిరుగు బాటసారికి పెట్టిన భోజనము. కర్రీ పాయింటుకు వచ్చునది ఇల్లు గలవారు, ఇంటికి పోవుచున్నవారు. కూరలు, పులుసు, పచ్చడి ఇతరులు వండినను వారికి ఆక్షేపణ లేదు. అన్నము మాత్రము అక్కడ కొనువారు తక్కువ. అది ఇంట ఎలక్ట్రిక్ కుక్కరులో ఉడుకుచుండును, బియ్యము కడిగి మీట నొక్కి వచ్చినది ఆ ఇల్లాలే.