సదావో మునెమోరి – ఒక సైనికుడు, అతని తల్లి

మన ముత్తాతలు కోరంగిలోనో, మద్రాసులోనో ఓడ ఎక్కిననాడు వారికి పేరుతోపాటు ఒక నెంబరు కూడ వచ్చి చేరింది. మారిషస్ కాని, నేటాలు కాని, ఫిజీ కాని, పాత రిజిస్టర్లలో మన ఇంటివారిని వెదకబోతే ఈనాటికీ ముందుగా అడిగేది ఆ నెంబరే. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల చెరకు తోటలకు 1885 నుంచి ఒప్పందపు కూలీలుగా వచ్చిన జపాను వారి కథ కూడ ఇటువంటిదే. అక్కడ ప్రతి కూలీకి ‘బాంగో’ అనే లోహపు బిళ్ళ ఇచ్చేవారు. జీతం ఇచ్చేది ఆ బిళ్ళ మీది అంకె చూచి. తోట దుకాణంలో అప్పు వ్రాసుకొనేది ఆ అంకె కిందనే.

ఆ తోటల బిడ్డలు యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో చేరి ఒక దళమయ్యారు. 1942 జూన్‌లో ఏర్పడిన 100వ పదాతి బెటాలియన్ అదే. మనం చెప్పుకోబోయే సదావో మునెమోరి ఆ దళంలో పోరాడి మరణించాడు కాని హవాయివాడు కాడు. 1922 ఆగస్టు 17న లాస్ ఏంజెలిస్‌లో పుట్టాడు. తల్లి పేరు నావా. లింకన్ హైస్కూలులో చదువు ముగించి మోటారు మెకానిక్ పనిలో దిగాడు. 1941 నవంబరులో, ఎవరూ పిలువకముందే, తానుగా వెళ్ళి సైన్యానికి పేరిచ్చాడు. నెల తిరిగేసరికి, డిసెంబరు 7న, హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాను బాంబులు పడ్డాయి.

అంతటితో అమెరికాలోని జపాను సంతతివారంతా అనుమానితులైపోయారు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన ఉత్తర్వు వలన పడమటి తీరాన ఉన్న సుమారు 1,20,000 మందిని ఇళ్ళు వదిలించి శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులమంది ఆ గడ్డమీద పుట్టినవారే. చేతులతో మోయగలిగినంత సామాను తీసుకుపోవచ్చునన్నారు. కుటుంబానికొక నెంబరు ఇచ్చి, ఆ చీటీలను పెట్టెలకు, కోటు గుండీలకు కట్టారు. పిల్లల మెడల్లో సైతం అవే చీటీలు.

విచిత్రమేమంటే, బాంబులు పడిన హవాయిలోనే ఇలా అందరినీ తరలించలేదు. అక్కడ జనాభాలో మూడవ వంతుకు మించి జపాను వారు. వారిని తీసివేస్తే తోటల్లో, రేవుల్లో పని ఆగిపోతుందన్న భయం ఇందుకు ఒక పెద్ద కారణం. తోటల్లో పుట్టి పెరిగిన మనకు దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మునెమోరి ఇంటివారిని కాలిఫోర్నియాలోని మాంజనార్ శిబిరానికి పంపారు. సియెరా నెవాడా కొండలకు తూర్పున ఎడారి లోయ. దుమ్ము గాలి, చెక్క బారకాసులు, చుట్టూ ముళ్ళకంచె, కావలి మంచెలు. అందరితో కలిసి వరుసలో నిలుచుంటేనే అన్నం. కొడుకు సర్కారు యూనిఫారంలో, తల్లి సర్కారు కంచె లోపల!

సైన్యంలో కూడ జపాను సంతతివారిని యుద్ధానికి పనికిరారని పక్కనబెట్టి ఊడిగపు పనులు చేయించారు. సదావోను తరువాత మిన్నెసోటాలోని సైనిక భాషా పాఠశాలకు పంపారు. అక్కడ ఉంటే ప్రాణానికి అంత ప్రమాదం లేదు. అయినా యుద్ధదళానికి పంపమని అడిగి, 1944 జనవరిలో మిస్సిసిపీలోని కాంప్ షెల్బీ చేరి, ఏప్రిల్‌లో ఐరోపాకు ఓడ ఎక్కి 100వ బెటాలియన్‌లో కలిశాడు. అప్పటికే ఆ దళం ఇటలీలో ఎందరినో పోగొట్టుకుని ఉంది.

1945 ఏప్రిల్ 5. ఇటలీలో సెరవెజ్జా సమీపాన కొండమీద జర్మను ఫిరంగిదళాలు, మెషీన్ గన్నులు. చిన్నదళ నాయకుడు గాయపడగా ఆ బాధ్యత సదావో మీద పడింది. ఒంటరిగా ఎదురువెళ్ళి గ్రెనేడ్లతో రెండు మెషీన్ గన్నులను నాశనం చేశాడు. వెనుదిరిగి, తనవారిద్దరు దాగిన గుంట దాదాపు చేరుకున్నాడు. అంతలో పేలని గ్రెనేడు ఒకటి అతని హెల్మెట్‌కు తగిలి ఆ ఇద్దరివైపు దొర్లింది. తూటాల మధ్యనే లేచి దానిమీదకు దూకి, పేలుడును తన శరీరంతో అణచివేశాడు. ఆ ఇద్దరూ బ్రతికారు. అతనికి ఇరవై రెండేళ్ళు. నెల తిరిగిందో లేదో, మే 2న, ఇటలీలో యుద్ధం ముగిసింది.

మాంజనార్ శిబిరం మూతబడింది ఆ ఏడాది నవంబరులో. 1946 మార్చిలో అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను నావా మునెమోరి చేతికిచ్చారు. అయితే పతకం అందుకున్న ఆ తల్లి అమెరికా పౌరురాలు కాదు, కాగోరినా కాలేదు. జపానులో పుట్టినవారికి పౌరసత్వం ఇవ్వవచ్చునని చట్టం వచ్చింది 1952లో. మనవారి సంగతి మాత్రం మెరుగా? 1918లో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీకి కూడ 1923లో ఆ దేశపు సుప్రీం కోర్టు పౌరసత్వం లేదని తీర్పిచ్చింది.

ఆ యుద్ధంలో పోరాడిన జపాను సంతతివారిలో అప్పట్లో ఈ పతకం దక్కింది సదావోకు ఒక్కడికే. మిగిలినవారి కాగితాలు తిరిగి పరిశీలించి, 2000 జూన్ 21న వాషింగ్టన్‌లో మరికొందరికి ఇచ్చారు. హవాయిలో ఐయేయా అనే చెరకు తోట ఊళ్ళో పుట్టిన రాబర్ట్ కురోడా వారిలో ఒకడు. అతడు కూడ 1922లోనే పుట్టి, 1944 అక్టోబరు 20న ఫ్రాన్సులో బ్రుయేర్ పట్టణం దగ్గర మరణించాడు. అతని పతకం ఇంటికి చేరడానికి 56 సంవత్సరాలు పట్టింది.

సదావో సమాధి లాస్ ఏంజెలిస్‌లో ఎవర్‌గ్రీన్ శ్మశానంలో ఉన్నది. 1947లో ఒక సైనిక నౌకకు అతని పేరు పెట్టారు. అతడు పడిపోయిన కొండలకు దిగువన, పియెత్రసాంతా పట్టణంలో, ఆ ఊరివారు 2000లో అతని విగ్రహం నిలిపారు.